మూడో లగ్

తుపాకీలంటే నాకు భయమే. కానీ పాల్ మౌజర్ అంటే ఇష్టం. 1838లో జర్మనీలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో పుట్టాడు. నాన్న తుపాకుల ఫ్యాక్టరీలో పనివాడు. అన్న విల్‌హెల్మ్‌తో కలిసి చేసిన రైఫిల్‌ని జర్మన్ సైన్యం 1871లో తీసుకుంది.

పేలుడు ధాటికి బోల్ట్ వెనక్కి రాకుండా రెండు లగ్స్ పట్టి ఉంచుతాయి. 1898 మోడల్‌లో ఆయన మూడోది కూడా పెట్టాడు. ముందు రెండూ విరిగినా కాల్చేవాడి ముఖం దక్కాలని. మన భాషలో బ్యాకప్.

అయినా 1901లో కొత్త రైఫిల్ ఒకటి పరీక్షిస్తుంటే ఆయనకే ఒక కన్ను పోయింది. 1914 మేలో చనిపోయాడు. రెండు నెలలకే ప్రపంచయుద్ధం, లక్షల చేతుల్లో ఆ రైఫిల్.

అమెరికాలో ఆ పాతవి ఇప్పటికీ కొంటారు. తెలిసినవాళ్లు మెరుపు చూడరు. బోల్ట్, రిసీవర్ మీద నంబర్లు కలిశాయా, తూటా వెనక ఖాళీ సరిపోయిందా అని కొలుస్తారు. మూడో లగ్ ఉందిగా అని టెస్టింగ్ మానేయరు!