ఎత్తిపట్టిన చేతులు

చదువవలసిన భాగము: నిర్గమకాండము 17:8-13

రెఫీదీములో యోషువ అమాలేకీయులతో పోరాడుచుండగా, 80 ఏండ్లు దాటిన మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. కొంతసేపటికి ఆ చేతులు అలసి క్రిందికి వ్రాలెను. అహరోను, హూరు ఆయనను ఒక రాతిమీద కూర్చుండబెట్టి, ఒకరు కుడిప్రక్కను ఒకరు ఎడమప్రక్కను నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులను పైకెత్తి పట్టిరి. ఈ భాగము చదివినప్పుడెల్ల అమెరికా సేనాధిపతి యులిసీస్ గ్రాంట్ అంత్యదినములు మనకు జ్ఞాపకమునకు రావలెను.

గ్రాంట్ 1822వ సంవత్సరము ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రములో, తోళ్లు పదునుచేయు ఒకని ఇంట పుట్టెను. తలిదండ్రులు మెథడిస్టు సంఘస్థులు. బానిసత్వము నిమిత్తము ఆ దేశము రెండుగా చీలి పోరాడినప్పుడు, ఆయన ఉత్తర సేనలను నడిపించి 1865లో జయము పొందెను. 1869 నుండి 1877 వరకు దేశాధ్యక్షుడుగా నుండెను. 1862లో డోనెల్సన్ కోటను పట్టుకొన్నప్పుడు ప్రజలు సంతోషించి ఆయనకు వేలకొలది చుట్టలు కానుకగా పంపిరి. నాటినుండి చుట్ట ఆయన నోరు విడువలేదు. మెచ్చుకొని ఇచ్చిన కానుకయే కడకు ఉరియైనది.

1884 మే నెలలో వ్యాపారమునందు భాగస్థుడు మోసము చేయగా గ్రాంట్ ఆస్తి అంతయు పోయెను. మరుసటి నెలలో ఒకనాడు పండు కొరికినప్పుడు గొంతులో ముల్లు గ్రుచ్చినట్లు నొప్పి పుట్టెను. చూచిన వైద్యుడు ఆలస్యము చేయక కుటుంబ వైద్యునికి చూపించుకొమ్మనెను. కుటుంబ వైద్యుడైన బార్కరు అప్పుడు ఐరోపాలో నుండెను. గ్రాంట్ నొప్పిని ఓర్చుకొని ఊరకుండెను. నాలుగు నెలలు గడచిపోయెను. అక్టోబరులో బార్కరు ఆయనను కంఠవైద్య నిపుణుడైన డగ్లసు నొద్దకు పంపగా, నాలుక మొదట రాచపుండు, అనగా కేన్సరు, కనబడెను. అప్పటికి ఆయన వయస్సు 62 ఏండ్లు.

ఒక్క వైద్యుడు మోయగల బరువు కాదది. డగ్లసు ప్రతిదినము పుండును కడిగి మందు పూసెను. 1885 ఫిబ్రవరిలో పుండునుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా సందేహము తీరెను. బార్కరు, డగ్లసు, శస్త్రవైద్యులైన శ్రేడి, సాండ్సు కూడి ఆలోచించిరి. కోయవలెనన్న దవడను చీల్చి, నాలుకను తీసివేయవలెను. తీసినను వ్యాధి పోవునన్న నమ్మకము లేదు. బాధ మాత్రము పెరుగును. కాబట్టి కోయరాదనియు, నొప్పి తగ్గించి ఆయన బలమును కాపాడవలెననియు వారు నిశ్చయించిరి. కత్తి పట్టుటకు ధైర్యము కావలెను; పట్టకుండుటకు ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ ధైర్యము కావలెను.

పరుండిన ఊపిరాడక, గ్రాంట్ రెండు కుర్చీలను ఎదురెదురుగా వేసికొని వాటిలోనే నిద్రించెడివాడు. నీళ్లు మ్రింగుటయు యాతనయే. బానిసత్వమునందు పుట్టిన హారిసన్ టెర్రెల్ అను సేవకుడు రాత్రింబగళ్లు కనిపెట్టియుండెను. కుమారుడు ఫ్రెడ్ కాగితములు సరిచూచెను. భార్య జూలియా ప్రక్కన కూర్చుండెను. పాదిరి న్యూమన్ ప్రార్థించెను. ఎవరి పని వారిదే, అయినను అందరి గురి ఒక్కటే.

భార్యాపిల్లలు దరిద్రులు కాకుండునట్లు గ్రాంట్ తన జీవితచరిత్రను వ్రాయుచుండెను. గొంతు పోయిన తరువాత చిన్న కాగితములమీద పెన్సిలుతో వ్రాసి వైద్యులతో మాటలాడెను. జూన్‌లో ఆయనను మౌంట్ మెక్‌గ్రెగరు కొండమీది యింటికి తీసికొనిపోయిరి. జూలైలో గ్రంథము ముగిసెను. కొద్దిదినములకే, 1885 జూలై 23న, ఆయన కన్నుమూసెను. ఆ గ్రంథమువలన జూలియాకు సుమారు 4,50,000 డాలర్లు వచ్చెను. వైద్యులు వ్యాధిని జయింపలేదు. అయినను ప్రొద్దు గ్రుంకువరకు ఆయన చేతులను ఎత్తి పట్టిరి.

ప్రియ సహోదరులారా, మన సంఘములలోని పెద్దలను ఒకసారి చూడుడి. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలో నిప్పుకొనను నోటిలో పెట్టి చుట్ట కాల్చు అడ్డపొగ వలన అంగిట రాచపుండు పుట్టుట వైద్యులు చాలకాలముగా ఎరిగినదే. నోటిలో పుండు మూడు వారములలో మానకున్నను, గొంతు బొంగురు పోయి తగ్గకున్నను, మెడలో గడ్డ కనబడినను వెంటనే చూపింపవలెను. గ్రాంట్ పోగొట్టుకొన్న నాలుగు నెలలను మనము పోగొట్టుకొనరాదు.

ముసలివారికి ఇంక వైద్యమెందుకని కొందరందురు. అది తప్పు. నేడు పెద్ద ఆసుపత్రులలో శస్త్రవైద్యుడు, కిరణచికిత్స చేయువారు, మందులిచ్చువారు, పండ్ల వైద్యుడు, మ్రింగుటయు మాటలాడుటయు నేర్పువారు, ఆహారము నిర్ణయించువారు, నర్సులు కూడి ఆలోచించి, రోగి వయస్సు మాత్రమేగాక అతని బలమును, కోరికను చూచి చికిత్స నిర్ణయింతురు. కొందరికి స్వస్థత కలుగును. కొందరికి నెమ్మది కలుగును. రెండును దేవుని కృపయే.

అయితే ఆసుపత్రివరకు తోడు వెళ్లువారెవరు? మెత్తని గంజి కాచి ఇచ్చువారెవరు? పుండు వాసనకు వెనుదీయక ప్రక్కన కూర్చుండువారెవరు? అహరోను, హూరు వైద్యులు కారు. వారు దగ్గర నిలిచిరి, అంతే.

ప్రార్థన: ప్రభువా, మా మధ్య అలసిన చేతులను చూచు కన్నులను, వాటిని ఎత్తిపట్టు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.