బడిలో బువ్వ పెట్టించిన చెన్నపట్నం చెట్టిగారు

వరికుంటపాడు: మధ్యాహ్నం గంట కొట్టగానే మన మండలంలో బడిపిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసగా కూర్చుంటారు. ఆ అన్నం ఎవరు పెట్టిస్తున్నారని అడిగితే ప్రభుత్వమని చెబుతారు. బడిలో అన్నం పెట్టాలని మొదట తలచినది ఎవరని అడిగితే పెద్దలు తలా ఒక పేరు చెబుతారు. నిజానికి పాలకసంస్థ తన సొమ్ముతో బడిపిల్లలకు అన్నం పెట్టడమన్నది మన దక్షిణాదిలో 100 ఏళ్లకు పైబడిన మాట. ఆ పని చేయించినవారు తెలుగువారే. ఆయన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి.

మగ్గాల ఇంటి బిడ్డ

త్యాగరాయ చెట్టి 1852 ఏప్రిల్ 27న జన్మించారు. వారిది చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు దేవాంగ కుటుంబం. 1876లో ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ పట్టా ఉంటే సర్కారు కొలువు దొరకడం కష్టం కాదు. ఆయన మాత్రం కొలువు కోరలేదు. తోళ్ల వ్యాపారం, నేత వ్యాపారం చేపట్టారు. వాషర్మన్ పేటలో సుమారు 100 మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. నేతగాళ్ల ఇళ్లలో పిల్లవాడి చేతికి పలక రాకముందే నూలు వస్తుందన్న సంగతి ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

1882లో మద్రాసు నగర పాలక సంస్థలో సభ్యులయ్యారు. ఆ తరువాత సుమారు 40 ఏళ్లు ఆ సభలోనే పని చేశారు. మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధులు, బడులు అన్నీ ఆయన ఎదుటే చర్చకు వచ్చేవి. మొదట కాంగ్రెసులో ఉన్నారు. 1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ తదితరులతో కలిసి, తరువాత జస్టిస్ పార్టీగా పేరొందిన సంఘాన్ని స్థాపించారు. చదువులోను, కొలువుల్లోను బ్రాహ్మణేతరులు వెనుకబడి ఉన్నారన్నది ఆ పార్టీ వాదం. గాంధీగారి సహాయ నిరాకరణను ఆయన వ్యతిరేకించారు. ఆ విషయంలో ఆయనను తప్పు పట్టినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

1920 ఎన్నికల్లో ఆయన పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చేయవలసిందిగా గవర్నరు విల్లింగ్డన్ ఆయననే పిలిచారు. చెట్టిగారు ఆ పదవి వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ పేరు సూచించి తాను నగర పాలక సంస్థలోనే ఉండిపోయారు. ప్రభుత్వ అధికారి కాకుండా ఆ సంస్థకు అధ్యక్షులైనవారిలో ఆయనే మొదటివారు.

రోజుకు ఒక అణా

అదే 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. పురపాలక సంఘాలు, తాలూకా బోర్డులు కోరితే ప్రభుత్వ అనుమతితో తమ పరిధిలో నిర్బంధ విద్య పెట్టుకోవచ్చని, అందుకు పన్ను వేసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. మన నెల్లూరు జిల్లా కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కనుక ఆ చట్టం మనకూ వర్తించింది. అయితే చట్టం పిల్లవాడిని బడి గుమ్మం దాకా తేగలదు గాని వాడి కడుపు నింపలేదు.

నగరంలోని థౌజండ్ లైట్స్ ప్రాంతంలో పాలక సంస్థ బడి ఒకటి ఉండేది. అక్కడి పిల్లలంతా బీదవారు. ఆ బీదతనం వల్లనే బడిలో పిల్లల సంఖ్య పెరగడం లేదని చెట్టిగారు సభకు వివరించారు. 1920 సెప్టెంబరు 16న సభ ఆమోదం తెలిపింది. ఒక్కొక్క పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు పెట్టి మధ్యాహ్నం ఆహారం ఇవ్వాలన్నది తీర్మానం. రూపాయికి 16 అణాల కాలమది.

ఫలితం కనపడగానే మరికొన్ని బడులకు ఆ ఏర్పాటు విస్తరించారు. 1922-23లో ఆ బడుల్లో 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు దాటింది. 

లెక్కల చిక్కు

ఇంత మంచి పని 1925 ఏప్రిల్ 1న ఆగిపోయింది. ప్రాథమిక విద్యా నిధి నుంచి భోజనానికి ఖర్చు పెట్టడం కుదరదని ప్రభుత్వం అడ్డు చెప్పింది. ఆ నిధి చదువుకే గాని తిండికి కాదన్నమాట. అప్పుడు అధికారంలో ఉన్నది పానగల్ రాజా నాయకత్వాన చెట్టిగారి పార్టీ మంత్రివర్గమే. అదే సంవత్సరం చెట్టిగారు కన్నుమూశారు. ఆయన పేరిట చెన్నపట్నంలో త్యాగరాయనగర్ వెలిసింది. టి.నగర్‌కు బట్టలు కొనడానికి వెళ్లే నెల్లూరు వారెందరో, అది ఎవరి పేరో తెలియకుండానే తిరిగి వస్తారు.

1956లో కామరాజ్ మద్రాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనాన్ని మళ్లీ పెద్దఎత్తున తలకెత్తుకున్నారు. కాని 1953లోనే మనం ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చేశాం కనుక ఆ భోజనం మన బడులకు రాలేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలైంది. దాని కింద హాజరు 80 శాతం ఉన్న పిల్లవాడికి నెలకు 3 కిలోల ధాన్యం లెక్క. బడిలో వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో వండిన అన్నం వచ్చింది. అణా తీర్మానం ఉదయగిరి మెట్టకు చేరడానికి 80 ఏళ్లకు పైగా పట్టింది.

మన మెట్టకు చెప్పే పాఠం

1985లో మండలమైన వరికుంటపాడు వానను నమ్ముకున్న ప్రాంతం. వాన ముఖం చాటేస్తే కుటుంబాలు కూలికి ఊళ్లు దాటిపోతాయి. వాళ్లతోపాటు పిల్లలూ పోతారు. అటువంటి పిల్లవాడికి ఊరి బడిలో అన్నం సిద్ధంగా ఉన్నా అందదు. మేకల వెంట వెళ్లేవాడి సంగతీ అంతే.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల బాధ్యతను బడిపంతులుకే వదిలివేయలేదు. తన పరిధిలోని పిల్లల వివరాలు రాసి ఉంచడం, వారిని బడిలో చేర్చడం, హాజరు కనిపెట్టి ఉండడం, చదువు పూర్తిచేయించడం స్థానిక సంస్థ విధి అని చెప్పింది. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకోవడం కూడా అందులో భాగమే.

చెట్టిగారు చేసింది ఇదే. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదో ముందు కనుక్కున్నారు, తన చేతిలోని అధికారంతో ఆ అడ్డు తీసివేశారు. మన గ్రామసభ జరిగినప్పుడు రోడ్లు, బోర్లతోపాటు ఈ నెల బడికి రాని పిల్లల పేర్లు కూడా చదివించి, ఒక్కొక్కరి ఇంటి కారణం తెలుసుకుంటే దానికి అణా కూడా ఖర్చు కాదు.