డౌ జోన్స్‌లో డౌ ఎవరు?

రోజూ వార్తల్లో వినపడే డౌ జోన్స్ అనేది ఇద్దరు మనుషుల పేరు. జోన్స్ సంగతి అలా ఉంచితే, నాకు బాగా నచ్చినవాడు మాత్రం చార్లెస్ డౌ.

1851లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఆరేళ్లకే తండ్రి పోయాడు. కాలేజీ గడప తొక్కలేదు. ఇరవై ఒకటో ఏట స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక పత్రికలో విలేకరిగా చేరాడు. 1879లో కొలరాడోలోని లెడ్‌విల్ వెండి గనులు చూడబోయిన పెట్టుబడిదారుల వెంట తనూ వెళ్లాడు. డబ్బున్నవాళ్లు నమ్మకమైన కబురు కోసం ఎంత ఆరాటపడతారో అక్కడే చూసి ఉంటాడని నా అనుమానం.

1882లో న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో, ఒక భవనం అడుగున ఉన్న చిన్న గదిలో ఎడ్వర్డ్ జోన్స్, చార్లెస్ బెర్గ్‌స్ట్రెసర్‌లతో కలిసి కంపెనీ పెట్టాడు. ఆ రోజుల్లో చాలా కంపెనీలు లెక్కలు బయటపెట్టేవి కావు. అంతా పుకార్ల మీదే నడిచేది. ఒక షేరు పెరుగుతుంది, ఇంకోటి పడుతుంది. ఇంతకీ మార్కెట్ పెరిగినట్టా, తగ్గినట్టా?

డౌ చేసిన పని వింటే నవ్వొస్తుంది. 1884 జులై 3న పదకొండు షేర్ల ధరలు కూడి సగటు తీశాడు, అంతే! వాటిలో తొమ్మిది రైల్వేలవే. మన భాషలో ఇది నాయిస్ తగ్గించి సిగ్నల్ పట్టుకోవడం. 1889లో వాల్ స్ట్రీట్ జర్నల్ మొదలైంది, ధర రెండు సెంట్లు. 1896 మే 26న పన్నెండు పారిశ్రామిక షేర్లతో వేరే సూచీ వచ్చింది. ఆ రోజు విలువ 40.94.

రెండు సూచీలు ఎందుకు? ఫ్యాక్టరీలో తయారైన సరుకు రైలెక్కాలి కదా. పరిశ్రమల సూచీ ఒక్కటే ఎగిరి, రైళ్లది కదలకపోతే ఆ ఎగురుడును నమ్మలేం. మార్కెట్‌ను అతను సముద్రంలా చూశాడు. రోజువారీ చిన్న అలలు, వారాలూ నెలలూ సాగే కెరటాలు, వాటి కింద ఏళ్ల తరబడి నడిచే పోటు. ఒడ్డున పుల్లలు పాతి చూస్తే నీరు ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది.

మా హాస్టల్లో రాత్రి రెండింటికి క్యాండిల్ చార్టుల మీద గీతలు గీసేవాళ్లున్నారు. సెమిస్టర్ ఫీజు ఆప్షన్స్‌లో పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ గీతలకు తాతగారు డౌ. కానీ ఆయన దీని మీద పుస్తకం రాయలేదు, సంపాదకీయాలు రాశాడంతే. 1902లో కంపెనీ అమ్మేసి, అదే డిసెంబర్‌లో 51 ఏళ్లకు చనిపోయాడు. డౌ సిద్ధాంతం అన్న పేరు తర్వాతివాళ్లు పెట్టిందే.

ఆ పత్రికలో ఆయన తర్వాత విలియం హామిల్టన్ ఈ పద్ధతితో జోస్యాలు చెప్పాడు. 1929 అక్టోబర్ 25న పోటు తిరిగిందని రాసి పేరు తెచ్చుకున్నాడు. మరి మిగతావి? 1933లో ఆల్ఫ్రెడ్ కౌల్స్ ఆయన పాత సంపాదకీయాలన్నీ ముందేసుకుని లెక్క తీశాడు. దిశ మారుతుందని చెప్పిన 90 సార్లలో 45 ఫలించాయి, 45 తప్పాయి. హామిల్టన్ మాట విని కొంటూ అమ్ముతూ ఉంటే ఏడాదికి 12 శాతం. ఏమీ చెయ్యకుండా షేర్లు దగ్గర పెట్టుకుంటే 15.5.