డిచ్‌పల్లి డాక్టరమ్మ : ఇసబెల్ కెర్

నిజామాబాదు పట్టణమునకు సుమారు పది మైళ్ళ దూరమున, హైదరాబాదు పోవు దారిలో, డిచ్‌పల్లి గ్రామము కలదు. మన దొంకేశ్వరము నుండి ఆ దారిని పోనివారు అరుదు. అచ్చటి కుష్ఠవైద్యాలయము పేరు విననివారును అరుదే. కాని దానిని నెలకొల్పిన స్త్రీని గూర్చి యెఱిగినవారు కొలదిమంది మాత్రమే.

ఇసబెల్ 1875వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. పుట్టింటివారి యింటిపేరు గన్. విశ్వవిద్యాలయములు స్త్రీలకు తలుపులు తెఱచి యెంతో కాలము కాని ఆ దినములలో ఆమె ఆబర్డీనున వైద్యశాస్త్రము చదివి 1903లో పట్టమును పొందెను. ఆ యేటనే జార్జి కెర్ అను మతబోధకుని వివాహమాడెను. 1907లో దంపతు లిరువురును వెస్లియన్ మెథడిస్టు సంఘము పక్షమున నైజాము రాజ్యమునకు వచ్చిరి. ఇందూరను ప్రాతపేరు మాఱి నిజామాబాదని పిలువబడుచున్న పట్టణము వారి కార్యస్థానమయ్యెను.

ఆ సంఘమును గూర్చి యిచ్చట కొంత చెప్పవలసి యున్నది. మనుష్యుడు తన సత్క్రియల బలముచేత రక్షణను సంపాదించుకొనలేడని, అది దేవుని కృపవలన విశ్వాసమునకు లభించునని పౌలు బోధించెను. ఆకలిగొన్నవానికి మంచిమాట చెప్పి వట్టిచేతులతో పంపివేయువాని విశ్వాసము దేనికిని కొఱగాదని యాకోబు బోధించెను. ఈ రెండు బోధలకును పొత్తు కుదురునా యని క్రైస్తవులలో గొప్ప వాదములు జరిగినవి. లూథరంతటివాడు యాకోబు పత్రికను చిన్నచూపు చూచెను. మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ జీవితమున మాత్రము ఈ ప్రశ్న వేఱు విధముగా తేలినది. యౌవనమున నాతడు ఆక్స్‌ఫర్డులో చెఱసాలలకు పోయి ఖైదీలను పరామర్శించెను, పేదలకు సాయపడెను, అయినను మనశ్శాంతి లేకపోయెను. 1738 మే 24వ తేదీని లండను నగరమున నొక చిన్న కూటములో అతనికి విశ్వాస నిశ్చయము కలిగెను. అటుపిమ్మట సత్క్రియలను విడిచిపెట్టెనా? లేదు. 1746లో అదే నగరమున పేదలకు ఉచితముగా మందులిచ్చు శాల నొకదానిని తెఱచెను. మునుపు చేసినవి రక్షణ పొందుటకై చేసిన పనులు. పిదప చేసినవి పొందినవాడు చేసిన పనులు. చూచువారికి రెండును ఒక్కటిగనే కనబడును. భక్తికిని కర్మకును గల సంబంధమును గూర్చి మన పెద్దలును, ఈమానును అమలును గూర్చి మన ముసల్మాను సోదరులును చేయు విచారణ దీనికి దూరమైనది కాదు.

ఇసబెల్ కెర్ ఈ సంప్రదాయమున నిలిచి పనిచేసినది. నిజామాబాదున ఆమెకు కనబడిన దుఃఖములలో ఘోరమైనది కుష్ఠరోగుల దుఃఖము. రోగము బయటపడినవాడు ఇంటికిని ఊరికిని దూరమై చెట్టుక్రిందనో గుడిసెలోనో పడియుండవలసినదే. భార్యాబిడ్డలు కలవాడైనను బిచ్చమే గతి. అట్టివారికి తగిన వసతి యెచ్చటను లేకుండుట చూచి దంపతులు 1911లో వారికొక శరణాలయమును ప్రారంభించిరి.

ఆనాటి స్థితిని పాఠకులు బాగుగా తలపోయవలెను. కుష్ఠమునకు నమ్మదగిన చికిత్స అప్పటికి లేదు. పుండ్లు కడిగి, కట్టుకట్టి, అన్నము పెట్టుట తప్ప వైద్యురాలు చేయగలిగినది స్వల్పము. ఇతర రోగములందు వైద్యుని శ్రమకు రోగి కోలుకొనుటయే ప్రతిఫలము. ఇచ్చట నదియు లేదు. సువార్తలలో యేసు కుష్ఠరోగిని మొదట చేతితో తాకి పిదప శుద్ధుని చేసినట్లున్నది. ఆ రెండవ పని డాక్టరమ్మ చేతిలో లేదు, మొదటిది కలదు. ఫలము చూపలేని పనిని సంవత్సరముల తరబడి చేయించినది విశ్వాసమే యని మా యభిప్రాయము.

రోగులు పెక్కుమంది వచ్చుటచే ఆ స్థలము చాలలేదు. అప్పుడు పట్టణమునందలి హిందూ దాత రాజా నర్సాగౌడు ధనసహాయము చేసెను. 1915లో డిచ్‌పల్లియందు పెద్ద వైద్యాలయము ఏర్పడెను. దానికి విక్టోరియా రాణి పేరు పెట్టిరి. ఒక మతమువారి విశ్వాసమునుండి పుట్టిన పనికి మఱియొక మతమువాని ధర్మబుద్ధి ఆధారమగుట మన జిల్లాకు గౌరవము. దాత పేరును డాక్టరమ్మ పేరుతోపాటు చెప్పుకొనవలెను.

1920 తరువాత పరిస్థితి మాఱినది. హిడ్నోకార్పస్ అను చెట్టు గింజల నూనెను సూదిమందుగా నిచ్చు విధానమును కలకత్తాలో డాక్టరు ఎర్నెస్ట్ మ్యూర్ పెంపొందించెను. ఈ జాతి చెట్టు మన ఆయుర్వేదమునకు క్రొత్తది కాదు. తువరక తైలమును కుష్ఠమునకు సుశ్రుతుడే చెప్పియుండెను. లోపలికి పుచ్చుకొన్నచో కడుపులో త్రిప్పు ఆ నూనె సూదిద్వారా నిచ్చుటచే వాడుక సులభమయ్యెను. ఇసబెల్ ఆ చికిత్సను డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టెను. సూది బాధాకరమైనది, నెలల తరబడి ఓర్చుకొనవలెను. గుణము అందఱికిని కలుగలేదు, కలిగినవారిలో కొందఱికి రోగము తిరుగబెట్టెను. అయినను వ్యాధి తొలిదశలో నున్నవారు కొందఱు తిరిగి యిల్లు చేరిరి. ప్రార్థన చాలును, సూది యెందులకని ఆమె యనుకొనలేదు. ఇది చిన్న సంగతి కాదు. విశ్వాసము పేరిట మందును త్రోసివేయువారు నేటికిని కలరు.

1923లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. అదే సంఘమువారు మెదకున కట్టించిన మహాదేవాలయము ఆ మఱుసటి యేట, 1924 క్రిస్మసు నాడు, ప్రతిష్ఠింపబడెను. దానిని చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు, రావలసినదే. డిచ్‌పల్లికి యాత్రికులు రారు.

1932లో ఇసబెల్ అకస్మాత్తుగా మరణించెను. సంపూర్ణముగా నయముచేయు మందు ఆమె కన్నులకు కనబడలేదు. డాప్సోను 1940 తరువాత వచ్చినది. రెండు మూడు మందులను కలిపి యిచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో నిర్ణయించినది. నేడు స్పర్శలేని మచ్చ కనబడగానే ప్రభుత్వ వైద్యశాలకు పోయినచో మందు ఉచితముగా నిత్తురు. ఆఱు నెలలనుండి సంవత్సరములోపల రోగము కుదురును, వ్రేళ్ళును వంకరపోవు. అయినను మచ్చను దాచుకొనువారు మన గ్రామములందు ఇంకను కలరు.

భార్య పోయిన పిదపను జార్జి కెర్ డిచ్‌పల్లిని విడువలేదు. 1938 వఱకు ఆ రోగుల నడుమనే యుండి పనిచేసెను.