వరద ఎక్కడ మొదలైంది?

మీది పలాసో, టెక్కలో, ఉద్దానం ఊరో అయితే తిత్లీ గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. ఆ వానకు ఏర్లూ పొంగాయి. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయకు నీళ్లొచ్చేది ఒడిశా కొండల నుంచి. బారువ గట్టు మీద నిలబడితే వరద కనిపిస్తుంది గానీ, అది ఎక్కడ పుట్టిందో కనిపించదు. ఈ తేడా పట్టుకున్న ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

1861లో ముద్దేనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన గిద్దలూరు వైపు ఊరిది. తండ్రి చిన్నప్పుడే పోతే, బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ చేశారు. పుణెలో ఇంజినీరింగ్ చదివి 1884లో బొంబాయి ప్రజా పనుల శాఖలో చేరారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. మామూలప్పుడు నీళ్లు ఎక్కువ నిలవాలి, వరదొస్తే గేట్లు వాటంతటవే తెరుచుకోవాలి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది పోయారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. ఆ కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు? ఊరు మునిగింది కాబట్టి ఊళ్లో గోడ కడదాం అనిపిస్తుంది. నష్టం కనిపించిన చోటే కారణం ఉందనుకోవడం మన బుర్రలోని పాత బొమ్మ. మేనేజ్‌మెంట్ వాళ్లు దీన్నే మెంటల్ మోడల్ అంటారు. మనకు తెలియకుండానే నిర్ణయం దాని ప్రకారం జరిగిపోతుంది.

విశ్వేశ్వరయ్య ఊరి ఎగువకు వెళ్లారు. వాన లెక్కలు తీశారు. పైనున్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగి, వరద మీద వరదైందని గమనించారు. ఊళ్లో గట్లు ఎత్తు చేయమన్నారు, కానీ అసలు మందు ఎగువన జలాశయాలే అన్నారు. వాటితో వాన ఆగదు. గంటల్లో వచ్చిపడే నీరు రోజుల మీద నెమ్మదిగా దిగుతుంది, అంతే. ఆయన ఉన్నది కొన్ని నెలలే. 1909లోనే మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు, తర్వాత అక్కడే దివాన్ అయ్యారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. అవే జలాశయాలు నగరానికి తాగునీరూ ఇచ్చాయి. తాగునీరు చూసే అధికారికి నిండు జలాశయం కావాలి, వరద చూసే అధికారికి ఖాళీ కావాలి. ఇద్దరూ తమ తమ బొమ్మలో కరెక్టే. ఖడక్‌వాస్లా గేట్ల తగువు ఇదే కదా! పలాస జీడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్లి చూడండి. సీజన్‌లో పిక్కలు ఎంత కొని నిల్వ పెట్టాలన్న దగ్గర, మిషన్ ఆగకూడదనే సూపర్‌వైజరూ, వడ్డీ లెక్కేసే అకౌంటెంటూ ఇదే తగువు పడుతుంటారు.