కౌంట్ డి లాలీ

బొబ్బిలి యుద్ధకథ విన్న తెలుగువారికి బుస్సీ పేరు సుపరిచితము. ఆ బుస్సీని దక్కనునుండి వెనుకకు పిలిపించి, ఆంధ్రతీరమున ఫ్రెంచివారి ప్రాభవము అంతరించుటకు కారకుడైన సేనాని కౌంట్ డి లాలీ. శౌర్యమున అతడెవ్వరికిని తీసిపోడు. కాని సముద్రము వశము కానిదే దండయాత్ర ఫలింపదను సత్యము అతని జీవితమున రెండుమారులు రుజువైనది.

లాలీ 1702లో ఫ్రాన్సుదేశమందలి రోమాన్స్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి ఐర్లండు విడిచివచ్చి ఫ్రెంచి సైన్యమున చేరినవాడు. రాజ్యము కోల్పోయిన స్టూవర్టు వంశమునెడ భక్తి లాలీకి తండ్రినుండి సంక్రమించెను. 1745లో ఫాంటెనాయ్ యుద్ధమున అతడు ఇంగ్లీషువారి నెదిరించి కీర్తి గడించెను. ఆ సంవత్సరమే స్టూవర్టు రాకుమారుడు చార్లెస్ స్కాట్లండున తిరుగుబాటు లేవదీసెను. అతనికి తోడుగా ఇంగ్లండుపై సేనను దింపుటకు ఫ్రాన్సు సన్నాహములు చేసెను. లాలీ రాకుమారుని చేరి, 1746 జనవరిలో ఫాల్కర్క్ యుద్ధమున పాల్గొనెను. కాని ఇంగ్లీషు నౌకలు కావలియున్న జలసంధిని ఫ్రెంచి సేన దాటజాలలేదు. ఏప్రిలులో కల్లోడెన్ వద్ద తిరుగుబాటు అణగిపోయెను.

సప్తవర్ష సంగ్రామకాలమున, 1758 ఏప్రిలులో లాలీ పుదుచ్చేరిలో దిగెను. జూనులో సెయింట్ డేవిడ్ కోటను పట్టుకొని, చెన్నపట్టణముపై దృష్టి నిలిపెను. అందులకై బుస్సీని రప్పించెను. ఆ అదను కనిపెట్టి విజయనగర ప్రభువు ఆనందగజపతి ఇంగ్లీషువారిని ఆహ్వానించెను. క్లైవు వంగదేశమునుండి పంపిన ఫోర్డు ఓడలపై విశాఖపట్టణము చేరి, డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో బందరుకోటను వశపరచుకొనెను. అంతవరకు ఫ్రెంచివారి మిత్రుడైన సలాబత్ జంగు మే నెలలో ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను.

చెన్నపట్టణముకూడ లాలీకి దక్కలేదు. డిసెంబరునుండి కోటను ముట్టడించినను, నౌకాధిపతి డి ఆషే అంతకుముందే ఓడలతో మారిషస్ ద్వీపమునకు మరలిపోయియుండెను. సైనికులకు జీతము లేదు, చాలినంత తిండి లేదు. ఫిబ్రవరి 16న ఇంగ్లీషు ఓడలు రేవున కనబడగానే ముట్టడి విరమింపక తప్పలేదు. ఆ సంవత్సరమే నవంబరులో, ఇంగ్లండుపై దండెత్తుటకు ఫ్రాన్సు సిద్ధపరచిన నౌకాబలము క్విబరాన్ వద్ద భగ్నమయ్యెను. 1760 జనవరిలో లాలీ వందవాసివద్ద ఓడెను. 1761 జనవరిలో నేలమీదను నీటిమీదను దిగ్బంధమైన పుదుచ్చేరిని అప్పగించెను.

ఇంగ్లండున బందీగానున్న లాలీ, స్వదేశమున తనపై నిందలు పుట్టినవని విని విచారణకు తానై వెడలెను. 1766 మే 9న పారిసులో అతనికి శిరచ్ఛేదము జరిగెను. వోల్టేరు అతని పక్షమున కలము పట్టెను. కుమారుడు న్యాయమునకై పోరాడెను. 1778లో ఆ తీర్పు రద్దయ్యెను.

లాలీకి తొందరపాటు, పరుషభాషణము సహజదోషములు. ఈ దేశాచారములను కించపరచి, కులమర్యాద పాటింపక జనులచే బలవంతముగా బరువులు మోయించెను. ఈ దోషములు నిజములే. ద్రోహము మాత్రము కాదు. ఓడలు లేని సేనాని ఓటమికి ఫ్రాన్సు అతని శిరస్సును మూల్యముగా గొనెను.