నాటకము నెన్నుకొనిన నటుడు: బళ్ళారి రాఘవ

పరిషత్తు పోటీలకు నాటిక నెన్నుకొనవలసి వచ్చినపుడు, ఆర్మూరు వంటి పసుపు వర్తకపు టూరిలోనైనను, మహానగరములోనైనను, నాటక సమాజమువారు ముందుగా లెక్కించునవి స్త్రీ పాత్రలెన్ని, రంగములెన్నిమార్లు మార్చవలెను, ఎంతసేపు పట్టును అనునవే. నాటకము చెప్పదలచినదేమి యను ప్రశ్న కడపటికి వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఆ ప్రశ్నను ముందు నిలిపి, దానికై తన కీర్తినే పణముగా నొడ్డిన నటుడు తాడిపత్రి రాఘవాచార్యులు. లోక మాయనను బళ్ళారి రాఘవగా నెరుగును.

రాఘవ 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించెను. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహుడు. బళ్ళారిలో ఆయన సరస వినోదిని సభ ఒకవైపు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ మరొకవైపు వెలయుచుండగా, ఆ బాలునకు నాటకము ఇంటివిద్య వంటి దాయెను. న్యాయశాస్త్రము చదివి వకీలై, ప్రభుత్వ న్యాయవాదిగను పనిచేసెను. వృత్తివలన అన్నమునకు లోటు లేదు. నచ్చని పాత్రను కాదనగల స్వేచ్ఛ ఆయనకు అచ్చటనే లభించినదనుట తప్పు కాదు. టిక్కెట్ల రాబడిపై బ్రతుకు నటుల కా భాగ్యము లేదు.

కోలాచలమువారి రామరాజు చరిత్రలో పఠాను రుస్తుముగా, మరి దుర్యోధనుడుగా, హరిశ్చంద్రుడుగా, చాణక్యుడుగా ఆయన పేరు మారుమ్రోగెను. ఆ దినములలో ప్రేక్షకులు పద్యమునకై వచ్చెడివారు; రాగాలాపన సాగినకొలది చప్పట్లు, మరల పాడుమను కేకలు. రాఘవ పద్యమును తగ్గించి మాటకును ముఖమునకును ప్రాధాన్య మిచ్చెను. అప్పటికప్పుడు మాటలు కల్పించుట ఆయన కలవాటు. ఇది తోడి నటుల కెంత చిక్కో ఊహింపవచ్చును. కవికి మాత్రము న్యాయమా యన్న శంక నేటికిని తీరలేదు. 1927లో ఆయన హిందీలో ప్రదర్శించిన దీనబంధు కబీరును గాంధీమహాత్ముడు చూచెను. మరుసటి యేట రాఘవ ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డు షాను కలిసికొనెను.

ఆయన ఎంపికలోని సాహసము తరువాత వెల్లడి యాయెను. మదరాసులో వకీలుగా నున్న యువకుడు పాకాల వేంకట రాజమన్నారు తప్పెవరిది యను సాంఘిక నాటకమును వ్రాసెను. కిరీటములు లేవు, గదలు లేవు, పద్యములు లేవు. తెల్లవార్లు సాగు పౌరాణికము ప్రక్కన నది చిన్నది. చదువుకొన్న కుటుంబములోని కలతను చూపి, తీర్పును ప్రేక్షకునకే వదలునది. దుర్యోధనుడుగా జయజయధ్వానము లందుకొన్న నటునకు అట్టి నాటకము వలన ఒరుగునదేమి? అయినను రాఘవ దాని నెన్నుకొనెను. స్త్రీ పాత్రకు మగవానిని నిలుపక, సంస్కారవతియైన కొమ్మూరి పద్మావతీదేవిని రంగస్థలమునకు పిలిచెను. స్థానం నరసింహారావువంటి మహానటుడు స్త్రీ వేషమున ప్రజలను మురిపించుచున్న కాలమది. కులస్త్రీలు వేదిక యెక్కుట యేమని లోకము ముక్కున వ్రేలు వైచుకొనెను. ఆ నింద ఆయనకన్న ఆమెకే ఎక్కువ తగిలియుండును.

నాటకమును వ్రాసిన వకీలు 1948లో మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి యాయెను. తరువాతి కాలమున ఏకాంకికలకును ఆయన పేరొందెను.

రాఘవ చలనచిత్రములలోను కొలదిగా నటించెను. 1936లో ద్రౌపదీ మానసంరక్షణములో ఆయన దుర్యోధనుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో రైతు. జమీందారుల కంటగింపైన చిత్రమది.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ పరమపదించెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆయన పేరిట వెలసిన రాఘవ కళామందిరము ఆ ఊరనే కలదు.